పాళెము వెలుపలికి వెళ్లిన డాక్టరమ్మ



వాక్యం వినడంలో మన సంఘాలకు లోటు లేదు. ఆదివారం ఆరాధన ఉంది, వారం మధ్యలో గృహ కూడికలు ఉన్నాయి, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంది. పసుపు అమ్ముడుపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో ఆర్మూర్ చుట్టుపక్కల పల్లెల్లో మహాసభలు కూడా జరుగుతాయి. ఇంత విన్న తరువాత మనల్ని మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంటుంది. విన్న వాక్యానికి సోమవారం నుండి శనివారం వరకు మన ఇంట్లో ఏ రోజు, ఏ గంట కేటాయించాము? విని ఊరుకునేవారు తమను తాము మోసపుచ్చుకుంటారని యాకోబు తన పత్రికలో హెచ్చరించాడు. అద్దంలో ముఖం చూసుకుని, పక్కకు వెళ్లగానే తన రూపం మరిచిపోయే మనిషితో వారిని పోల్చాడు.

ఈ ప్రశ్నకు జవాబుగా ఈ వారం ఒక జీవితాన్ని మీ ముందు పెడుతున్నాము. ఆ జీవితం దూరదేశంలో మొదలైనా, పండింది మాత్రం మన జిల్లాలోనే. ఆర్మూర్ నుండి హైదరాబాద్ వైపు జాతీయ రహదారి మీద బయలుదేరితే గంటలోపే డిచ్‌పల్లి వస్తుంది. ఖిల్లా రామాలయం వల్ల, ఇప్పుడు తెలంగాణ విశ్వవిద్యాలయం వల్ల ఆ ఊరు అందరికీ తెలుసు. అంతకు చాలా ముందే, వంద సంవత్సరాల క్రితం, ఆ ఊరి పేరు దేశదేశాల వైద్యులకు తెలిసింది. కారణం అక్కడి కుష్ఠు ఆసుపత్రి. ఆ ఆసుపత్రికి ప్రాణం పోసినవారు డాక్టర్ ఇసబెల్ కెర్.

ఆమె 1875 మే 30న స్కాట్లాండ్‌లో ఒక రైతు ఇంట్లో పుట్టారు. పుట్టింటి పేరు గన్. వానకూ చలికీ ఎదురు నిలిచి పంట తీసే కుటుంబం కాబట్టి, కష్టం అంటే ఏమిటో ఆమెకు చిన్ననాడే తెలిసి ఉంటుంది. ఆ కాలంలో ఆడపిల్ల వైద్య విద్య చదవడం ఆ దేశంలోనూ వింతే. విశ్వవిద్యాలయాల తలుపులు స్త్రీలకు అప్పుడప్పుడే తెరుచుకుంటున్నాయి. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1903లో ఆమె వైద్య పట్టా పుచ్చుకున్నారు. సేవకుడైన జార్జ్ మెక్‌గ్లాషన్ కెర్‌ను పెళ్లి చేసుకున్నారు. 1907లో భార్యాభర్తలిద్దరూ వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు.

అప్పటి మన ప్రాంతాన్ని ఒకసారి కళ్ల ముందుకు తెచ్చుకోవాలి. నైజాం ఏలుబడి. ఇందూరుకు నిజామాబాద్ అనే పేరు కొత్తగా స్థిరపడుతున్న రోజులు. రైలు వచ్చి ఎంతో కాలం కాలేదు. మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ అప్పటికే పరిచర్యలో ఉన్నారు. నేడు మనం చూసే మెదక్ మహాదేవాలయానికి ఇంకా పునాది పడలేదు. పల్లెల్లో దవాఖాన అన్న మాటే అరుదు. జ్వరం వచ్చినా, కాన్పు కష్టమైనా మనిషి బతకడం దైవాధీనమే. అలాంటి చోటికి ఒక స్త్రీ వైద్యురాలు వచ్చారంటే పరదా వెనుక ఉండే ఇల్లాళ్లకు, గూడేల్లోని తల్లులకు అదే పెద్ద మేలు. ఆమె ఆ పని చేసుకుంటూ జీవితాంతం గడిపినా ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు.

కానీ ఆమె చూపు మరొకరి మీద పడింది. దవాఖాన దాకా రాలేనివారు ఉన్నారు. వచ్చినా నలుగురిలో కూర్చోలేనివారు ఉన్నారు. కుష్ఠు సోకినవారు.

ఈ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని 1873లోనే నార్వే దేశంలో హాన్సెన్ అనే వైద్యుడు కనిపెట్టాడు. ఇది తరతరాల శాపం కాదనీ, ఒక క్రిమి వల్ల వచ్చే వ్యాధి అనీ అప్పుడే తేలింది. అయితే తెలిసిన సంగతి పల్లెకు చేరడానికి చాలా కాలం పడుతుంది. పైగా క్రిమి దొరికింది గానీ దాన్ని చంపే మందు దొరకలేదు. అందువల్ల బ్రిటిషు పాలనలోని ప్రాంతాల్లో 1898లో వచ్చిన చట్టం కూడా వైద్యం కంటే వేరుచేయడానికే పెద్దపీట వేసింది. బిచ్చమెత్తే రోగులను పట్టుకుని ఆశ్రమాల్లో ఉంచమంది. ఇక పల్లెలో చట్టం అవసరమే లేదు. మచ్చ బయటపడితే ఊరి చివర గుడిసె, దూరం నుండి పెట్టే ముద్ద. భార్యను భర్త వదిలేసేవాడు, తండ్రిని కొడుకులు వదిలేసేవారు. మనిషి ఊపిరితో ఉండగానే ఇంటి లెక్కలో చనిపోయినట్టే.

ఇటువంటి వారికి ఈ ప్రాంతంలో తలదాచుకోవడానికి గానీ, వైద్యానికి గానీ సరైన చోటు లేదని డాక్టర్ కెర్ గమనించారు. 1911లో నిజామాబాద్‌లోనే కుష్ఠు రోగుల కోసం పని మొదలుపెట్టారు. చిన్నగా మొదలైన పని. అయితే ఒక చోట తమను ముట్టుకుని చూసే డాక్టరమ్మ ఉందని తెలిస్తే, తరిమివేయబడిన మనుషులు ఎంత దూరం నుండైనా నడిచి వస్తారు. అలాగే వచ్చారు. ఉన్న చోటు చాలలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి లేఖనం వైపు చూద్దాం. కుష్ఠు అనగానే మన సంఘాల్లో చాలామందికి లేవీయకాండము 13వ అధ్యాయం గుర్తుకొస్తుంది. యాజకుడు మచ్చను పరీక్షించడం, అపవిత్రుడని తీర్పు చెప్పడం, ఆ మనిషి పాళెము వెలుపల ఒంటరిగా నివసించడం. ఆ అధ్యాయాన్ని పట్టుకుని పాపానికి కుష్ఠు ఎలా సాదృశ్యమో వివరించే ప్రసంగాలు మనం లెక్కలేనన్ని విన్నాము. రెండు సంగతులు మాత్రం ఎక్కువగా వినలేదు.

మొదటిది. హెబ్రీ మూలంలో అక్కడ ఉన్న సారాఅత్ అనే మాట నేటి కుష్ఠు వ్యాధికి సరిగ్గా సమానమైన పేరు కాదు. అదే మాటను ఆ అధ్యాయాల్లోనే బట్టకు పట్టిన మరకకు, ఇంటి గోడకు పట్టిన బూజులాంటి దానికి కూడా వాడారు. బట్టకూ గోడకూ హాన్సెన్ కనిపెట్టిన వ్యాధి రాదు గదా. కాబట్టి ఆ అధ్యాయాన్ని చూపించి నేటి రోగిని అపవిత్రుడు అనడం లేఖనానికి న్యాయం చేయడం కాదు.

రెండవది ఇంకా ముఖ్యం. 13వ అధ్యాయం తరువాత 14వ అధ్యాయం ఉంది. అందులో యాజకుడు పాళెములో కూర్చుని ఉండడు. లేచి పాళెము వెలుపలికి వెళ్తాడు. వెలివేయబడిన వానిని చూస్తాడు. బాగుపడ్డాడని తెలిస్తే అతన్ని తిరిగి జనంలోకి, ఆరాధనలోకి, అతని ఇంటికి తీసుకురావడానికి చేయవలసిన క్రమమంతా చేస్తాడు. అంటే ధర్మశాస్త్రం కోరిన ముగింపు వెలివేత కాదు, తిరిగి రాక. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో మన ప్రభువు కుష్ఠురోగిని చెయ్యి చాపి ముట్టి బాగుచేసి, యాజకునికి కనబరచుకొమ్మని పంపింది కూడా ఈ తిరిగి రాక కోసమే. మాటతో బాగుచేయగలిగినవాడు ముట్టుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా ఏ చెయ్యీ తగలని మనిషికి మందుకంటే ముందు ఆ స్పర్శ అవసరమని ఆయనకు తెలుసు.

సంఘం తరతరాలుగా 13వ అధ్యాయం చదువుతూ ఉండిపోయింది. డాక్టర్ కెర్ 14వ అధ్యాయం పాటించారు. ఆమె జీవితంలో మాకు కనబడే సారం ఇదే.

పెరుగుతున్న పనికి పెద్ద స్థలం కావాలి, కట్టడాలు కావాలి, డబ్బు కావాలి. ఆ డబ్బు ఎక్కడ నుండి వచ్చిందో మన సంఘాలు తప్పక తెలుసుకోవాలి. నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ముందుకు వచ్చి పెద్ద విరాళం ఇచ్చారు. ఆయన సాయంతో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి 1915లో తెరుచుకుంది. ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం సాగుతూ, దేశాలు దేశాలను కూల్చుతున్న సంవత్సరం అది. అదే సంవత్సరం మన జిల్లాలో వెలివేయబడినవారికి ఒక ఊరు లేచింది.

మంచి సమరయుని కథ చెప్పినప్పుడు ప్రభువు యాజకుణ్ణీ లేవీయుణ్ణీ పక్కకు తప్పించి, ఎవరూ ఊహించనివాణ్ణి ముందుకు తెచ్చాడు. గాయపడినవానికి నూనె పోసి, పూటకూళ్ల ఇంటివానికి డబ్బు కట్టినవాడే పొరుగువాడు. డిచ్‌పల్లి కథలో గాయం కట్టిన చెయ్యి క్రైస్తవ వైద్యురాలిది, డబ్బు ఇచ్చిన చెయ్యి హిందువుది. ఈ సంగతి మరిచిపోయి ఆ ఆసుపత్రిని మన ఘనతగా మాత్రమే చెప్పుకుంటే అది సత్యం కాదు. దేవుడు తన మేలును ఎవరి చేతి మీదుగా పంపుతాడో నిర్ణయించే అధికారం మనకు లేదు. మంచి పనిలో పొరుగు మతస్థుడు చేయి కలిపితే కృతజ్ఞతతో పట్టుకోవడమూ వాక్యం పాటించడంలో భాగమే.

ఇక అక్కడ జరిగిన వైద్యం ఎలాంటిదో చెబుతాము. దానిలోనే అసలు పాఠం ఉంది. ఆ రోజుల్లో కుష్ఠుకు తెలిసిన ఏకైక ఆశ చాల్‌ముగ్రా జాతి గింజల నుండి తీసే నూనె. మన దేశపు పడమటి కనుమల్లో పెరిగే హిడ్నోకార్పస్ అనే చెట్టు గింజల నూనె కూడా ఆ కోవదే. ఆయుర్వేదంలో ఎంతో కాలంగా ఈ నూనెల వాడకం ఉంది. తాగిస్తే కడుపులో నిలవదు, వాంతి అవుతుంది. అందుకే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వైద్యులు దాన్ని సూది మందుగా మార్చారు. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఆ తరువాత ఎర్నెస్ట్ మ్యూర్ ఈ చికిత్సను మెరుగుపరిచారు. డిచ్‌పల్లిలో డాక్టర్ కెర్ ఈ పద్ధతిని చేపట్టారు. దాంతో అది రోగులను చనిపోయేదాకా ఉంచే ఆశ్రమంగా మిగలక, బాగుచేసి పంపడానికి ప్రయత్నించే ఆసుపత్రిగా పేరు పొందింది.

వినడానికి ఇది గొప్ప సంగతి. చేయడానికి మాత్రం అది విసుగు పుట్టించే పని. ఆ నూనె చిక్కనిది. సూది నొప్పి పెడుతుంది, కొన్నిసార్లు వేసిన చోట గడ్డ కడుతుంది. ఒకసారి వేస్తే సరిపోదు. వారం తరువాత వారం, నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి వేయాలి. వ్యాధి తొలిదశలో ఉన్నవారికి మేలు కనిపించేది. ముదిరినవారిలో చాలామందికి పెద్దగా మార్పు ఉండేది కాదు. మధ్యలో మానేస్తే మొదటికి వచ్చేది. దీనికి తోడు పుండ్లు కడగాలి, కట్లు మార్చాలి, మళ్లీ రేపు అవే పుండ్లు కడగాలి.

పండుగనాడు ఒక రోగికి పండ్లు ఇచ్చి ఫోటో దిగడం సులువు. నూరోసారి అదే మనిషికి అదే కట్టు కట్టడం కష్టం. మత్తయి 25వ అధ్యాయంలో గొఱ్ఱెలను మేకలను వేరు చేసే కథ మనకు కంఠస్థం. ఆకలిగొన్నవానికి అన్నం, రోగికి పరామర్శ, చెరసాలలో ఉన్నవానికి దర్శనం. అక్కడ కుడివైపు నిలిచినవారు తాము ఆ పనులు ఎప్పుడు చేశామో గుర్తులేక ఆశ్చర్యపోతారు. ఎందుకు గుర్తులేదు? అది వారికి ప్రత్యేకమైన కార్యక్రమం కాదు గనుక. పొయ్యి వెలిగించినంత, పశువుకు నీళ్లు పెట్టినంత మామూలు పని అయిపోయింది గనుక. వాక్యం జీవితంలో నాటుకున్నదనడానికి గుర్తు అదే. అది ఉద్రేకంగా ఉన్నంత కాలం ప్రసంగం దగ్గరే ఆగుతుంది. దినచర్యలోకి దిగినప్పుడే పొరుగువానికి అందుతుంది.

ఇంత పని ఒక్క మనిషి చేతుల మీద జరగదు. భర్త జార్జ్ ఆమెతో పాటు ఆ భారం మోశారు. కట్లు కట్టినవారు, వంట వండినవారు, నీళ్లు తోడినవారు, లెక్కలు రాసినవారు మన ప్రాంతపు మనుషులే. వారి పేర్లు పుస్తకాలకు ఎక్కలేదు. రోమా పత్రిక చివరి అధ్యాయంలో పౌలు ఎంతోమంది పేర్లు వరుసగా రాసి వందనాలు చెప్పాడు. వారిలో చాలామంది గురించి మనకు పేరు తప్ప మరేమీ తెలియదు. డిచ్‌పల్లిలో పనిచేసినవారి విషయంలో మనకు ఆ పేరు కూడా మిగలలేదు. అయినా జీవగ్రంథం రాసేవాడు వేరే ఉన్నాడు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. పరదేశం నుండి వచ్చిన మిషనరీలు తమ కాలపు అధికారపు నీడలోనే వచ్చారు. వారిలో కొందరు మన ప్రజలను సమానంగా చూడలేదన్నది చరిత్ర. కాబట్టి ఎవరినీ దేవతను చేసి కూర్చోబెట్టడం మా ఉద్దేశం కాదు, అది మన విశ్వాసానికి తగదు కూడా. మనిషిని ఫలం చూసి తెలుసుకోవాలని ప్రభువే నేర్పాడు. ఎవరూ ముట్టుకోని చేతిని సుమారు ఇరవై ఏళ్లు పట్టుకోవడం ఫలం. దాన్ని కాదనడం కృతఘ్నత.

1923లో ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. ఆ తరువాత తొమ్మిదేళ్లకు, 1932లో, అరవై ఏళ్లు నిండకుండానే ఆమె ప్రభువునందు నిద్రించారు. ఆ నాటికి కుష్ఠును పూర్తిగా నయం చేసే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆమె తన చేతులతో సూది వేసిన ఎంతోమందికి పూర్తి స్వస్థత రాలేదు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో చెప్పబడిన పితరుల్లాగే, వాగ్దానాన్ని దూరం నుండి చూసి వందనం చేసి వెళ్లిపోయినవారిలో ఆమె ఒకరు.

ఆ వాగ్దానం తరువాత నెరవేరింది. డిచ్‌పల్లిలో కొంతకాలం పనిచేసిన డాక్టర్ జాన్ లో అనే వైద్యుడు, తరువాతి రోజుల్లో ఆఫ్రికాలోని నైజీరియాలో డాప్సోన్ మందును మాత్రల రూపంలో ఇచ్చి మంచి ఫలితాలు చూపినవారిలో ముఖ్యుడు. 1940ల చివరి సంగతి అది. సూది బాధ తప్పింది. 1980ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందుల్ని కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఇప్పుడు వ్యాధి తీవ్రతను బట్టి 6 నెలలు గానీ 12 నెలలు గానీ మాత్రలు వాడితే కుష్ఠు నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది కాలానికే ఆ మనిషి నుండి మరొకరికి సోకే అవకాశం పోతుంది. ఈ మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం.

ఒకరు విత్తుతారు, మరొకరు కోస్తారు. పసుపు వేసే రైతుకు ఈ మాట వేరుగా వివరించనక్కరలేదు. తొలకరిలో పెట్టిన దుంప తొమ్మిది నెలలు నేలలో ఉండాలి. మధ్యలో తవ్వి చూస్తే పంట పాడవుతుంది. ఆమె పెట్టిన దుంప తొమ్మిది నెలలు కాదు, యాభై అరవై ఏళ్లు నేలలో ఉంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఈ వ్యాధి పోయింది గదా, ఇంకా ఎందుకు ఈ మాటలు అని కొందరు అడగవచ్చు. 2005 చివరికి మన దేశం జాతీయ స్థాయిలో కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు ప్రకటించుకుంది. దాని అర్థం పదివేల మందికి ఒకరి కంటే తక్కువ స్థాయికి వచ్చిందని మాత్రమే. ఈనాటికీ ఏటా సుమారు లక్షమంది కొత్త రోగులు మన దేశంలో నమోదవుతున్నారు. ప్రపంచంలోని కొత్త రోగుల్లో సగానికి పైగా మనవారే. మందు వచ్చి దశాబ్దాలు గడిచినా ఎందుకిలా? మచ్చను దాచుకోవడం ఒక పెద్ద కారణం. దాచుకోవడానికి కారణం భయం. ఆ భయం క్రిమి గురించి కాదు, మన గురించి.

చట్టం సైతం మనకంటే ముందు కదిలింది. 1898 నాటి పాత చట్టాన్ని 2016లో రద్దు చేశారు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో పార్లమెంటు తొలగించింది. అందులో క్రైస్తవుల విడాకుల చట్టంలోని నిబంధన కూడా ఉంది. ఆలోచించండి. రోగిని ముట్టుకున్న ప్రభువును ఆరాధించే మనకు వర్తించే చట్టంలో, రోగం వచ్చిన భార్యను వదిలేయడానికి 2019 వరకు దారి తెరిచి ఉంది. దాన్ని మూయమని మన సంఘాల నుండి ఎంత గట్టిగా గొంతు లేచింది?

ఆర్మూర్ ప్రాంతంలో జనవరి నుండి పసుపు తవ్వకాలు. కొమ్ములు విరవడం, ఉడకబెట్టడం, కల్లంలో ఆరబోయడం. ఆ పనిలో ఎన్నో చేతులు వేడి నీటి ఆవిరి దగ్గర, కాలే కడాయి దగ్గర మసలుతాయి. కుష్ఠు చేసే అసలు హాని ఏమిటంటే అది నరాలను దెబ్బతీసి స్పర్శను తీసేస్తుంది. చెయ్యి కాలినా తెలియదు. కాలికి ముల్లు దిగినా తెలియదు. తెలియని గాయం పుండవుతుంది, పుండు ముదిరి వేలు పోతుంది. వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోవడం లేదనీ, నొప్పి తెలియక తగిలే దెబ్బల వల్లే పోతున్నాయనీ రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివరి నుండి చేసిన కృషి వల్ల తేటతెల్లమైంది.

మీ కల్లంలో పనిచేసే కూలీ చేతి మీద రంగు మారిన మచ్చ ఉండి, అక్కడ ముట్టుకున్నా తెలియడం లేదంటే ఏం చేస్తారు? చాలాచోట్ల జరిగేది మనకు తెలుసు. రేపటి నుండి రావద్దని చెబుతారు. చేతికి కూలీ ఇచ్చి గౌరవంగానే పంపామని అనుకుంటారు. అది 13వ అధ్యాయం. ఆ మనిషిని బండి మీద ఎక్కించుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లి, మందు మొదలుపెట్టించి, నెలనెలా మందు తెచ్చుకున్నాడో లేదో అడిగి, కడాయి దగ్గర కాకుండా వేరే పని ఇచ్చి అదే కూలీ కట్టడం 14వ అధ్యాయం. దానికి వైద్య పట్టా అక్కరలేదు. పరదేశ ప్రయాణం అక్కరలేదు. 6 నెలలో 12 నెలలో మానకుండా ఒక మనిషిని పట్టించుకునే ఓపిక కావాలి, అంతే.

సంఘంలో మనం చేయగలిగినవి కొన్ని చెబుతాము. మొదట, ప్రసంగ వేదిక మీద కుష్ఠును పాపానికి మారుపేరుగా వాడడం కాపరులు మానుకోవాలి. ఆ మాట అంటున్నప్పుడు వెనుక వరుసలో మచ్చ దాచుకుని కూర్చున్న చెల్లెలు ఉండవచ్చు. ఆమె ఆ రోజు విన్నది సువార్త కాదు, తీర్పు. రెండవది, ప్రభువు బల్ల. చికిత్స పొంది నయమైనవాడు వంకర వేళ్లతో పాత్ర అందుకున్నప్పుడు పక్కనున్నవాడు వెనక్కి జరిగితే, ఆ బల్ల ఎవరిదో మనం మరిచిపోయినట్టే. మూడవది, పెళ్లి సంబంధాలు. ఒక ఇంట్లో తండ్రికి ఎప్పుడో ఈ జబ్బు వచ్చి నయమైందని తెలిసి, పిల్లకు సంబంధం తప్పించే విశ్వాస కుటుంబాలు ఉన్నాయి. ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదు. ఈ మాట సంఘ పెద్దలు నోరు తెరిచి చెప్పాలి. నాలుగవది, ఏటా జనవరి చివరి ఆదివారం ప్రపంచ కుష్ఠు దినం, మన దేశంలో జనవరి 30 కూడా అందుకోసమే. ఆ రోజుల్లో ఒక ఆరాధన తరువాత ఆశా కార్యకర్తను పిలిచి మచ్చ ఎలా గుర్తించాలో చెప్పించండి. పసుపు తవ్వకాల కాలమూ అదే గనుక ఆ పావుగంట ఒకరి వేళ్లను కాపాడవచ్చు.

ఈ వ్యాధి మీ ఊరిలో లేకపోతే దేవునికి స్తోత్రం. అయితే పాళెము వెలుపల ఎవరూ లేరని అనుకోవద్దు. క్షయ ఉన్నవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు, మనసు చెదిరినవారు, భర్త వదిలేసిన స్త్రీలు, గల్ఫ్‌లో అప్పులపాలై తిరిగివచ్చి ముఖం చూపలేక ఇంట్లో కూర్చున్న యువకులు ఉన్నారు. ప్రతి సంఘానికీ తన పాళెము వెలుపల ఒక చోటు ఉంటుంది. అది ఎక్కడుందో ఆ ఊరి విశ్వాసులకు బాగా తెలుసు. హెబ్రీ పత్రిక చివరి అధ్యాయం ప్రకారం మన ప్రభువు శ్రమపడింది గవిని వెలుపలే. ఆయన దగ్గరికి వెళ్లాలంటే మనమూ అటే నడవాలి.

ఈ వారం వాక్యం చదివి లేచేటప్పుడు ఒక పేరు రాసుకోండి. మనం దూరం పెట్టిన ఒక్క మనిషి పేరు. ఆ పేరు పక్కన ఒక రోజు, ఒక గంట రాయండి. వచ్చే వారం కూడా అదే రోజు, అదే గంట. మొదటివారం ఉత్సాహంగా ఉంటుంది, నాలుగోవారం విసుగు పుడుతుంది. డాక్టర్ కెర్ జీవితం మనకు అక్కరకు వచ్చేది ఆ నాలుగోవారమే.

చెయ్యి చాపి ముట్టిన ప్రభువు మన చేతులకు ఆ ధైర్యాన్ని, మన పాదాలకు ఆ ఓపికను అనుగ్రహించును గాక. ఆమేన్.